తెగులా, మన చేతి తప్పా?

పచ్చికలో గుండ్రంగా ఎండిన చోటును ఫోటో తీసి పంపి, దాని కింద "ఏ మందు కొట్టాలి?" అని ఒక్క ముక్క రాసేవారు నాకు తరచుగా తారసపడుతుంటారు. జవాబుగా నేను ప్రశ్నలే పంపుతాను. గడ్డి చివరిసారి ఎప్పుడు కోశారు, ఎరువు ఎప్పుడు వేశారు, నీరు ఏ వేళలో పెడతారు, మచ్చ నిన్నటికంటే ఇవాళ పెరిగిందా, పక్కనున్న వేరే జాతి మొక్కల్లోనూ ఏమైనా తేడా కనబడుతోందా అని అడుగుతాను. మందు పేరు అడిగితే ఇన్ని ఆరాలెందుకని కొందరు విసుక్కుంటారు. వారిని తప్పుపట్టలేను. ఒకప్పుడు నేనూ పచ్చికలో కాస్త పసుపు కనబడగానే స్ప్రేయర్ కోసం వెతుక్కునేవాణ్ని.

ఆ అలవాటు మాన్పించిన మచ్చ ఒకటుంది. వేసవి మొదట్లో నా పచ్చిక మధ్యలో రెండడుగుల మేర గడ్డి నీలం కలిసిన బూడిద రంగుకు తిరిగి, వారం తిరిగేసరికి ఎండుగడ్డిలా మారిపోయింది. శిలీంధ్రమే అనుకుని కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని కొట్టాను, పది రోజులు ఆగి మళ్లీ కొట్టాను. ఆ తరువాత వానలు పడ్డాయి, గడ్డి చిగిర్చింది, మందు పనిచేసిందని మురిసిపోయాను. మరుసటి వేసవిలో సరిగ్గా అదే చోట, అదే ఆకారంలో మచ్చ తిరిగి రావడంతో మాత్రం అనుమానం పుట్టింది, ఎందుకంటే పోయిన ఏడాది గీసిన గీతను ఈ ఏడాది అంగుళమైనా దాటకుండా ఉండే తెగులు సాధారణంగా ఉండదు. పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకుని మచ్చ వెలుపల గుచ్చితే పిడి దాకా దిగింది, లోపల గుచ్చితే రెండంగుళాల లోతులో ఠక్కుమని ఆగింది. తవ్వి చూస్తే ఇల్లు కట్టినప్పుడు పూడ్చి వదిలేసిన సిమెంటు పెళ్ల బయటపడింది. దాని మీదున్న పలుచని మట్టి మిగతా నేలకంటే ముందే ఆరిపోతుంది కనుక అక్కడి గడ్డి దాహంతో ఎండింది, అంతే. నేను రెండుసార్లు మందు కొట్టింది సిమెంటుకు.

మొక్కకు తెగులు రావాలంటే మూడు కలిసిరావాలి: లొంగిపోయే మొక్క, దాడి చేసే సూక్ష్మజీవి, ఆ జీవికి అనువైన వాతావరణం. ఇది వృక్షరోగ శాస్త్రంలో మొదటి పాఠం. అయితే, అసలు సూక్ష్మజీవి ప్రమేయమే లేని నష్టాలు ఎన్నో ఉంటాయనీ, అవి అచ్చం తెగుళ్లలాగే కనబడతాయనీ ఆ పాఠంతో పాటే చెప్పుకోవాలి. ఎరువు చల్లేటప్పుడు ఒకే పట్టీ మీద రెండుసార్లు నడిస్తే ఆ పట్టీ మాడుతుంది. మోవర్ బ్లేడు మొద్దుబారితే ఆకు తెగదు, చిరుగుతుంది, ఆ చిరిగిన కొనలన్నీ ఒకటి రెండు రోజుల్లో తెల్లబడి పచ్చిక మొత్తానికి బూడిద ఛాయ వస్తుంది. కుక్క మూత్రం పోసిన చోట నడుమ ఎండి, చుట్టూ ముదురు ఆకుపచ్చ గడ్డి ఏపుగా లేస్తుంది. అక్కడ మధ్యలో మోతాదు మించిన నత్రజనే అంచుకు వచ్చేసరికి ఎరువుగా మారుతుంది. గడ్డిని పట్టి లాగితే తివాచీలా చుట్టుకుని పైకి లేచిందంటే, కింద వేరుపురుగులు వేళ్లను కొరికేశాయని అర్థం.

ఇలాంటివాటిని వేరుచేయడానికి నేను మొదట ఆకారాన్ని చూస్తాను. తిన్నని గీతలు, లంబకోణాలు, సమాన దూరంలో ఉన్న పట్టీలు ప్రకృతిలో అరుదు, అవి కనబడితే యంత్రమో మనిషి చెయ్యో తోడై ఉంటుంది. తరువాత ఎన్ని జాతులకు సోకిందో చూస్తాను. తెగుళ్లు చాలావరకు తమ ఆశ్రయాన్ని ఎంచుకుంటాయి, కాబట్టి గడ్డి, గులాబీ, కంచె మొక్క అన్నీ ఒకే రోజున ఆకులు ముడిచాయంటే గాలికి కొట్టుకొచ్చిన కలుపుమందునో నీటిలోని ఉప్పునో అనుమానించాలి. మూడోది కాలం: ఒక్క రాత్రిలో వచ్చి అక్కడే నిలిచిపోయిన నష్టం ఒక తరహా, రోజూ కొద్దికొద్దిగా అంచు జరుపుకుంటూ పోయే నష్టం ఇంకో తరహా. ఈ మూడింటితోనే సగం ఫోటోల సంగతి తేలిపోతుంది.

మిగిలిన సగానికి తెల్లవారుజామున మోకాళ్ల మీద కూర్చోక తప్పదు. సూర్యుడు పైకి వచ్చి ఆకులు ఆరాయంటే సాక్ష్యం పోయినట్టే. ఆ వేళ ఆకు కొసన ముత్యంలా నిలిచే బొట్టు ఉత్త మంచు నీరే కాదు, రాత్రంతా మొక్క తనలోంచి వెలికి నెట్టిన రసం కూడా అందులో ఉంటుంది. చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసిన ఆ తడి శిలీంధ్రానికి విందు భోజనం. డాలర్ స్పాట్ అనే తెగులు సోకిన పచ్చికలో ఆ సమయాన తెల్లటి నూలు పోగుల్లాంటి బూజు ఆకుల మధ్య అల్లుకుని కనబడుతుంది. సాలెగూడు కూడా దూరానికి అలాగే ఉంటుంది, కానీ సాలెగూడు ఆకుల కొనల మీద పరచిన పలుచని గుడ్డలా ఒకే మట్టంలో ఉంటే, బూజు పైనుంచి కిందికి ఆకులను చుట్టుకుని ఉంటుంది. పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దంతో ఒక్కొక్క ఆకునూ పరిశీలించాలి. పాలిపోయిన ఎండుగడ్డి రంగు మచ్చ ఆకు వెడల్పంతా పరుచుకుని, మధ్యలో నొక్కుకుపోయినట్టు ఇసుక గడియారం ఆకారంలో ఉండి, పైనా కిందా ఎర్రటి గోధుమరంగు అంచు ఉంటే అది డాలర్ స్పాటే. పొట్టిగా కోసే పచ్చికలో ఒక్కో మచ్చ పాతకాలపు వెండి డాలర్ నాణెమంత ఉంటుంది కనుక ఆ పేరు వచ్చింది. ఆ శిలీంధ్రానికి 1937లో పెట్టిన స్క్లెరోటినియా హోమియోకార్పా అన్న పేరే దశాబ్దాల పాటు నడిచింది, 2018లో దాన్ని క్లారిరీడియా అనే కొత్త ప్రజాతిలోకి మార్చారు. పాత పుస్తకాలూ కొత్త వ్యాసాలూ పక్కపక్కన పెట్టుకుని చదివేవారు ఇవి రెండు వేర్వేరు తెగుళ్లని పొరబడకూడదు.

డాలర్ స్పాట్ గురించి ఎక్కువగా రాయడానికి కారణముంది. అది ఆకలిగొన్న పచ్చికను పట్టే తెగులు. నత్రజని తక్కువైన చోట ముదురుతుంది, కొద్దిగా ఎరువు అందించగానే గడ్డి దానికంటే వేగంగా పెరిగి మచ్చలను దాటిపోతుంది. రైజోక్టోనియా అనే శిలీంధ్రం వల్ల వచ్చే బ్రౌన్ ప్యాచ్, దాదాపు అదే ఉక్కపోత రోజుల్లో వచ్చినా, సరిగ్గా వ్యతిరేకం: ఎరువు మెక్కి మెత్తగా, రసవత్తరంగా పెరిగిన పచ్చికంటే దానికి ప్రీతి. అందులో మచ్చలు గుండ్రంగా, అడుగుల కొలతలో ఉంటాయి. పొట్టిగా కోసిన పచ్చికలో మంచు ఆరకముందు ఆ గుండ్రటి మచ్చ అంచున పొగచూరినట్టు ఒక ముదురు వలయం కనబడి, ఎండ రాగానే మాయమవుతుంది. "గడ్డి పసుపుబారింది, కాస్త యూరియా వేయండి" అనే ఉచిత సలహా ఒక పచ్చికను బతికించి, పక్కింటి పచ్చికను చంపగలదని నేను చెప్పేది అందుకే.

అలా చంపుకున్నవాళ్లలో నేనొకణ్ని. వానలు కుదురుగా పడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం యూరియా చల్లాను. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకంటే బాగా పైనే ఉంది, నేల చిత్తడిగా ఉంది. రెండు రోజులకు పల్లపు వైపున గడ్డి నూనె రాసినట్టు ముదురు రంగుకు తిరిగి, వేళ్ల మధ్య నలిపితే జిగటగా తగిలింది. దాన్ని పట్టించుకోకుండా తడి మీదే మోవర్ తోలాను. మరునాటికి మోవర్ చక్రం వెళ్లిన దారులన్నీ గోధుమరంగు చారలై తేలాయి. అది పిథియం. అప్పుడు కూడా అలమరలో ఉన్న కార్బెండజిమ్ డబ్బానే తీశాను, ఏ ఉపయోగమూ లేకపోయింది.

ఎందుకు లేకపోయిందో తరువాత తెలుసుకున్నాను. పిథియం చూడటానికి శిలీంధ్రంలా దారాలు దారాలుగా పెరిగినా, వంశం రీత్యా నిజమైన శిలీంధ్రం కాదు. నీటి బూజుల వర్గానికి చెందిన ఊమైసీట్. శిలీంధ్రాల కణకవచంలో ప్రధానంగా కైటిన్ ఉంటే దీనిలో సెల్యులోజ్ ఉంటుంది, నీటిలో ఈదగల సిద్ధబీజాలను వదులుతుంది. కార్బెండజిమ్ వర్గపు మందులు దాని మీద పనిచేయవు, శిలీంధ్రాలు తమ కణపొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ తయారుచేసుకోకుండా అడ్డుకునే ప్రొపికొనజోల్ వంటివీ పనిచేయవు. పైగా దానితో పోటీపడే అసలు శిలీంధ్రాలను నా మందు అణచివేసి దారి సుగమం చేసి ఉండవచ్చు. మెటలాక్సిల్, ఫోసెటిల్ అల్యూమినియం వంటి వేరే వర్గపు మందులే దానికి తగినవి. అవి కూడా చచ్చిన గడ్డిని లేపవు, మిగిలినదాన్ని కాపాడతాయి, అంతే. బంగాళాదుంపకు ఆకుమాడు తెగులు తెచ్చే ఫైటోఫ్థోరా కూడా ఈ వర్గానిదే. కాబట్టి పచ్చికలో నేర్చుకున్న ఈ భేదం పెరట్లోనూ అక్కరకు వస్తుంది.

తుప్పు తెగులు గుర్తుపట్టడానికి భూతద్దం కూడా అక్కర్లేదు, నడిచి వచ్చాక చెప్పుల మీద నారింజరంగు పొడి అంటుకుంటే చాలు. నీడలో తెల్లని పిండి చల్లినట్టుంటే బూడిద తెగులు. వీటికి పచ్చికలో మందు కొట్టాల్సిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు. పుట్టగొడుగులు వలయంగా మొలిచే ఫెయిరీ రింగ్ మాత్రం కొంచెం చిత్రమైనది. ఆ శిలీంధ్రం గడ్డిని తినదు, నేలలో మిగిలిన చెట్ల వేళ్లు, చెక్కముక్కలు వంటివాటిని కుళ్లబెడుతూ బయటికి విస్తరిస్తుంది. అలా విడుదలైన నత్రజనితో గడ్డి ముదురు పచ్చగా మారుతుంది, కొన్నిచోట్ల దాని దారాలు మట్టిని మైనం పూసినట్టు చేసి నీరు ఇంకనివ్వక గడ్డిని ఎండబెడతాయి. అప్పుడు చేయవలసింది నేలకు రంధ్రాలు పొడిచి, మట్టిని తడవనిచ్చే ద్రావణం కలిపిన నీటిని లోతుకు దింపడం. రై గడ్డి మీద వచ్చే బూడిదరంగు ఆకుమచ్చను కలిగించేది, వరికి అగ్గి తెగులు తెచ్చే పిరిక్యులేరియా ఒరైజే జాతే. అయితే ఒక ఆశ్రయం మీద బతికే వంశం మరొకదానికి అంత సులువుగా మారదు.

నాకు అన్నిటికంటే కష్టంగా తోచేవి వేళ్ల తెగుళ్లు, ఎందుకంటే వాటిలో నేరం జరిగిన రోజు వేరు, శవం దొరికిన రోజు వేరు. సమ్మర్ ప్యాచ్ శిలీంధ్రం నేల 18 డిగ్రీల ప్రాంతానికి వేడెక్కగానే వేళ్ల మీద పాకడం మొదలుపెడుతుంది, గడ్డి ఎండేది మాత్రం వారాల తరువాత, నడివేసవిలో. చలికాలంలో నిద్రపోయే గరిక జాతి పచ్చికల్లో స్ప్రింగ్ డెడ్ స్పాట్ శరదృతువులోనే వేళ్లను పట్టి, వసంతంలో మిగతా గడ్డి చిగురించేటప్పుడు గుండ్రటి ఖాళీలుగా బయటపడుతుంది. ఆ ఖాళీలు చూసి వసంతంలో మందు కొడితే దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే. అందుకని ఆకుల మీద మచ్చేమీ లేకుండా గడ్డి వడలితే, ఒక పెళ్లను తవ్వి, వేళ్లను నీటిలో కడిగి, తెల్లని పళ్లెంలో పరచి చూడాలి. ఆరోగ్యమైన వేళ్లు తెల్లగా, సన్నని పిల్లవేళ్లతో ఉంటాయి. నల్లబడి, పొట్టివై, లాగితే పైతోలు ఊడి లోపలి పోగు మాత్రం చేతికి వస్తే కారణం అక్కడే ఉంది.

ఇతర మొక్కల దగ్గరా ఇదే పద్ధతి, చూడవలసిన చోట్లు మాత్రం మారతాయి. మట్టి తడిగా ఉండగానే మొక్క వడలిందంటే ఇంకా నీరు పోయడం ప్రమాదం, వేళ్లు కుళ్లి ఉండవచ్చు. టమాటా, వంగ వంటివి ఆకు పసుపుబారకుండానే ఉన్నపళంగా వాలిపోతే, మొదలు దగ్గర కాండాన్ని కోసి, ఆ ముక్కను గాజు గ్లాసులోని తేటనీటిలో కోసిన మొన మునిగేలా కదల్చకుండా పట్టుకోవాలి. బ్యాక్టీరియా ఎండు తెగులైతే కొద్ది నిమిషాల్లో పాలదారం లాంటి తెల్లని ధార మొనలోంచి కిందికి జారుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను ఊపిరి బిగబట్టాను, అంత స్పష్టంగా జవాబు చెప్పే పరీక్ష ఈ శాస్త్రంలో ఇంకొకటి లేదేమో. ధార రాకుండా, కాండం చీల్చినప్పుడు లోపల గోధుమరంగు గీతలు ఉంటే ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వైపు అనుమానం మళ్లుతుంది. ఆకుల మీద లేత, ముదురు పచ్చలు కలిసి చిత్రపటంలా ఉండి, మొవ్వు గిడసబారితే వైరస్. దానికి మందు లేదు, మొక్కను పీకి, దాన్ని మోసుకొచ్చే తెల్లదోమనో పేనుబంకనో అదుపు చేయాలి.

ఆకు తడి విషయంలోనూ ఒక మెలిక ఉంది. గులాబీ నల్లమచ్చ బీజం మొలకెత్తి ఆకులోకి దిగాలంటే సుమారు 7 గంటలు ఆకు తడిగా ఉండాలి. కాబట్టి మొక్క మొదలు దగ్గర నీరు పోసి ఆకు తడపకపోవడమే సగం వైద్యం. బూడిద తెగులు బీజాలకు నిలిచిన నీరు గిట్టదు, గాలిలో తేమ ఉంటే చాలు. అందుకే ముసురు పట్టినప్పుడు నల్లమచ్చ, వాన లేని ఉక్కలో బూడిద తెగులు పైచేయి అవుతుంటాయి.

ప్రయోగశాలకు నమూనా పంపేవారు చాలామంది మచ్చ నడుమ నుంచి పూర్తిగా చచ్చిన గడ్డిని తీసి పంపుతారు. అక్కడ దొరికేది శవాన్ని తినే బూజులే. బతికినదీ చస్తున్నదీ కలిసే అంచు దగ్గర, అరచేతి వెడల్పు పెళ్లను వేళ్లూ మట్టీ సహా తీయాలి, మందు కొట్టకముందే తీయాలి, తడి ప్లాస్టిక్ సంచిలో ఉడికించకుండా మట్టి భాగాన్ని వార్తాపత్రికలో చుట్టి పంపాలి. సూక్ష్మదర్శినిలో రైజోక్టోనియా దారం లంబకోణంలో కొమ్మలు వేస్తూ, ప్రతి కొమ్మ మొదట్లో అడ్డుగోడతో కనబడితే, పిథియం దారంలో ఎదిగే దశలో అడ్డుగోడలే ఉండవు. కంటికి దొరకని తేడా అక్కడ ఒక్క చూపులో తేలుతుంది.

పేరు తేలాక చేయవలసిన పనుల్లో ఎక్కువ భాగం నీటివే. నేను ఇప్పుడు తెల్లవారేముందు మాత్రమే నీరు పెడతాను. ఆకులు ఎలాగూ మంచుతో తడిసి ఉంటాయి కనుక అప్పుడు పెట్టిన నీటివల్ల తడి కాలం పెరగదు, సాయంత్రం పెడితే మాత్రం రాత్రి మొత్తం కలిసి పెరుగుతుంది. రోజూ చిలకరించే బదులు వేళ్ల లోతుకు దిగేలా పెట్టి, పైమట్టి ఆరనిస్తాను. కోతలో మూడో వంతుకు మించి ఎత్తు తగ్గించను, అంటే 6 సెంటీమీటర్లు ఉంచదలచిన పచ్చిక 9 దాటకముందే కోస్తాను. మొదళ్ల దగ్గర కుళ్లకుండా పేరుకునే థాచ్ అనే పొర సెంటీమీటరు దాటితే రేక్‌తో లాగేస్తాను, అది శిలీంధ్రాలకు తలదాచుకునే చోటు. పొద్దున్నే వెదురు కర్రతో గడ్డి మీది మంచును రాల్చడం డాలర్ స్పాట్‌కు నిజంగా పనిచేసే చిట్కా, కానీ పిథియం తిరుగుతున్న రోజుల్లో అదే కర్ర తెగులును ఊరేగించి వస్తుంది. ఏ చిట్కా అయినా తెగులు పేరు తెలిశాకే చిట్కా అవుతుంది.

మందుల విషయానికి వస్తే, 1885లో ఫ్రాన్సులో మిలార్డే అనే వృక్షశాస్త్రజ్ఞుడు ద్రాక్ష తోటల కోసం ప్రకటించిన బోర్డో మిశ్రమం నుంచి నేటి మాంకోజెబ్ వరకు ఒక తరహా మందులు ఆకు మీద పొరగా నిలిచి, బీజం మొలకెత్తకముందే పనిచేస్తాయి. అవి శిలీంధ్రాన్ని అనేక చోట్ల ఒకేసారి దెబ్బకొడతాయి కాబట్టి వాటికి నిరోధకత రావడం కష్టం. ఆకులోకి చొరబడే మందులు ఒకే తాళాన్ని తెరిచే తాళంచెవి లాంటివి, శిలీంధ్రం ఆ తాళాన్ని కొద్దిగా మార్చుకుంటే చాలు. 1960ల చివర్లో వచ్చిన బెనోమిల్‌కు కొద్ది ఏళ్లలోనే జరిగింది అదే. అందుకే డబ్బా మీద ముద్రించే వర్గ సంఖ్యను చూడాలి: కార్బెండజిమ్ 1, ప్రొపికొనజోల్ 3, అజాక్సిస్ట్రోబిన్ 11. పేర్లు మార్చి మార్చి కొడుతున్నామనుకుంటూ ఒకే సంఖ్యను కొట్టేవారిని చూశాను. అజాక్సిస్ట్రోబిన్ బ్రౌన్ ప్యాచ్‌కు చక్కగా పనిచేస్తుంది, డాలర్ స్పాట్‌ను పెద్దగా పట్టించుకోదు. ఆకు తెగులుకైతే మందును ఆకు మీద ఆరనివ్వాలి, వేరు తెగులుకైతే కొట్టిన వెంటనే నీటితో వేళ్ల దాకా దింపాలి. ఇంగ్లిషులో చిన్న అక్షరాల్లో ఉంటుందని ఎవరూ చదవని ఆ చీటీలోనే మోతాదు, జాగ్రత్తలు, ఏ మొక్కకు వాడకూడదో అన్నీ ఉంటాయి.

ఇప్పటికీ మందు కొట్టక తప్పనిసరైన రోజున నేను ఒక పని చేస్తాను. తెగులున్న చోట ఒక పక్కగా చదరపు గజమంత ప్లైవుడ్ పలకను పరచి, దాని మీదుగా మందు కొట్టి, ఆ వెంటనే పలకను తీసేసి, నాలుగు మూలలా చిన్న పుల్లలు గుచ్చి, తేదీ, మందు పేరు, వాతావరణం నోటు పుస్తకంలో రాసుకుంటాను. పోయిన వానాకాలం డాలర్ స్పాట్ వచ్చినప్పుడు అలాగే చేశాను, అదే వారంలో కాస్త నత్రజని కూడా పచ్చికంతా సమంగా వేశాను. మూడు వారాలకు వెళ్లి చూస్తే, పుల్లలు లేకపోతే ఆ చదరం ఎక్కడుందో నాకే తెలిసేది కాదు. లోపలా బయటా గడ్డి ఒకేలా పచ్చబడింది. మిగిలిన సగం డబ్బా ఇంకా అరలోనే ఉంది.